ట్యూబులో చక్కెర ఎవరు తిన్నారు

ముప్పై ఒకటో ఏట రిటైరయ్యానంటే నవ్వుతారని తెలుసు. అయినా అదే నిజం. గద్వాలలో ఒక చిన్న ప్రైవేటు ల్యాబులో ఎనిమిదేళ్ళు రక్తం తీసి, పరీక్షలు చేసి, రిపోర్టులు రాశాను. ఇప్పుడు వనపర్తి దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు టీచరు ఉద్యోగం వచ్చింది కాబట్టి ల్యాబు కోటు విప్పేశాను. ల్యాబు వాళ్ళు నాకు పూలదండ వేసి, శాలువా కప్పి, ముసలివాణ్ణి సాగనంపినట్టే సాగనంపారు.

నా స్థానంలో నాగర్‌కర్నూల్ నుంచి ఇద్దరు అమ్మాయిలు చేరారు. పోయే ముందు వాళ్ళు నన్ను పట్టుకుని, "అన్నా, పుస్తకంల లేని సంగతులేమన్న ఉంటే రాసిచ్చిపో" అన్నారు. నాకు జాబితాలు రాయడం అలవాటు. ఆ రాత్రే కూర్చుని నలభై రెండు అంశాలు రాశాను. తెల్లారి చదువుకుంటే నలభై ఒకటి పుస్తకంలో ఉన్నవే. అవి చింపేశాను. మిగిలిన ఒక్కటే ఇది.

ట్యూబుకు ఆకలి

ముందు పాఠం కొంచెం చెప్పాలి. ఓపిక పట్టండి, తొందరగానే ముగిస్తాను.

రక్తం ఒంట్లోంచి బయటికి వచ్చినంత మాత్రాన చచ్చిపోదు. ట్యూబులో కూడా కణాలు బతికే ఉంటాయి, వాటికి ఆకలి వేస్తుంది, తమ చుట్టూ ఉన్న చక్కెరనే తింటాయి. మామూలు మనిషి రక్తంలో గంటకు నూటికి ఐదారు వంతుల చక్కెర ఇలా మాయమవుతుంది. మన ఎండల్లో ఇంకా ఎక్కువ. ఉదయం తీసిన రక్తాన్ని మధ్యాహ్నం పరీక్షిస్తే మనం రాసేది మిగిలిన చక్కెరను, ఉన్న చక్కెరను కాదు.

చక్కెరను విరగ్గొట్టడానికి ప్రతి కణంలో పదిమంది పనివాళ్ళు వరుసగా నిలబడి ఉంటారనుకోండి. వాళ్ళే ఎంజైములు. ఒకరు చేసి ఇచ్చినదాన్ని పక్కవాడు అందుకుంటాడు. ఈ వరుసలో తొమ్మిదోవాడి పేరు ఎనొలేజ్. వాడి పని చాలా చిన్నది. చేతికొచ్చిన ముక్కలోంచి ఒక నీటి అణువును తీసేసి పదోవాడికి అందించడం. కాకపోతే పక్కన మెగ్నీషియం లేనిదే వాడు వేలు కూడా కదపడు. మనం షుగర్ పరీక్షకు వాడే బూడిదరంగు మూత ట్యూబులో ఫ్లోరైడ్ ఉంటుంది. అది ఆ మెగ్నీషియంను పట్టుకుని తొమ్మిదోవాడి పనిచోటును మూసేస్తుంది. వాడు ఆగితే వరుస ఆగుతుంది, చక్కెర మిగులుతుంది.

ఒక్క మెలిక ఉంది. తొమ్మిదోవాడు ఆగిన సంగతి మొదటివాడికి వెంటనే తెలియదు. మొదటివాడికి పని మొదలుపెట్టాలంటే శక్తి కావాలి, ఆ శక్తి తయారయ్యేది చివర్లో. దాచుకున్నది అయిపోయేదాకా అతను చక్కెరను లాగుతూనే ఉంటాడు. వరుస పూర్తిగా నిలిచేసరికి గంట, రెండు గంటలు పడుతుంది.

ఇదంతా నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. ఆ "గంట, రెండు గంటలు" అన్న ముక్క మాత్రం రాయలేదు. అది రెండు మార్కుల ప్రశ్న.

రజాక్ సార్

మా ల్యాబు పెద్ద రజాక్ సార్. సర్కారు దవాఖానలో ముప్పై ఏళ్ళు ఇదే పని చేసి, పింఛను తీసుకుంటూ మా దగ్గరికి వచ్చిన మనిషి. ఆయనకు నచ్చనివి నాలుగు: చల్లారిన చాయ్, తుడవని మైక్రోస్కోపు, "మిషిన్ చెప్పింది సార్" అనే మాట, నేను. నాలుగోది నేను అనుకున్నదే, ఆయన ఎప్పుడూ అనలేదు. ఆయన అన్నది ఇది:

"తమ్మి, నువ్వు అంకెలు మస్తు సక్కగ రాస్తవు. రాసినంక ఎప్పుడన్న సదువుతవా?"

నాకు కోపం వచ్చేది. ఆయన ఇంకా మూత్రాన్ని పరీక్షనాళికలో పోసి దీపం మీద కాచే పద్ధతి వదల్లేదు. నా చేతిలో కొత్త మిషన్ ఉంది. ఆయన పాతకాలం మనిషి అని నా అభిప్రాయం. తప్పుడు అభిప్రాయమని ఇప్పుడు చెప్పడం సులభం.

జిలేబీల పొట్లం

అలంపూర్ వైపు ఒక నేతగాళ్ళ ఊరు. అక్కడి తిమ్మప్ప గద్వాల చీరలు నేస్తాడు. యాభై దాటినవాడు, ఆరేళ్ళుగా షుగర్ మాత్రలు మింగుతున్నాడు. అలంపూర్‌లో మాకు ఒక కలెక్షన్ సెంటరు ఉండేది. దాన్ని మద్దిలేటి అనే ఆయన చూసుకునేవాడు. ఉదయం చుట్టుపక్కల వాళ్ళ రక్తం తీసి ట్యూబులు డబ్బాలో పెట్టి బస్సులో పంపేవాడు. అవి మా చేతికొచ్చి పరీక్షయ్యేసరికి నాలుగు గంటలు.

ఒకసారి తిమ్మప్ప పరగడుపు షుగర్ అరవై ఒకటి వచ్చింది. చాలా తక్కువ. రాసి పంపాను. అది చూసి అక్కడి డాక్టరు గారు మాత్రలు ఆపేయమన్నారు, కళ్ళు తిరిగితే తీపి తినమన్నారు. ఆ రిపోర్టు మీద సంతకం నాది.

ఎనిమిది రోజుల తర్వాత తిమ్మప్ప చీరలు అప్పజెప్పడానికి గద్వాల వచ్చి, దారిలో మా ల్యాబుకు వచ్చాడు. చేతిలో జిలేబీల పొట్లం.

"సారూ, నీ నోట్ల శక్కెర పొయ్య. ఆరేండ్ల సంది మింగుతున్న గోలీలు మాన్పిచ్చినవు. తినుండ్రి."

"కండ్లు తిరుగుతున్నయా అన్నా?" అన్నాను.

"తిరిగితే తీపి తినుమన్నడు డాక్టరు. తిరగకముందే తింటున్న, జాగ్రత్తకు."

నేను జిలేబీ అందుకున్నాను. రజాక్ సార్ అందుకోలేదు. ఆయన మా మంచినీళ్ళ కుండ వైపు చూస్తున్నారు. తిమ్మప్ప మాట్లాడుతూ మాట్లాడుతూ నాలుగు గ్లాసుల నీళ్ళు తాగాడు. తర్వాత మూత్రానికి పోవాలన్నాడు. పావుగంటలో మళ్ళీ పోవాలన్నాడు.

"రెండోసారి పోతే ఈ సీసల పోసి తీస్కరా పెద్దమనిషీ" అన్నారు రజాక్ సార్.

ఆ మూత్రాన్ని నీలంరంగు ద్రావణంలో కలిపి దీపం మీద కాచారు. నీలం ఆకుపచ్చ అయింది, పసుపు అయింది, చివరికి ఇటుకరంగుకు దిగింది. ఇటుకరంగు అంటే మూత్రంలో చక్కెర పొంగుతోందని అర్థం. ఎనిమిది రోజుల కింద రక్తంలో అరవై ఒకటి రాసినవాడికి అది ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. నోట్లో జిలేబీ ఉంది. మింగలేను, ఉమ్మలేను.

నేను తప్పు రాసి ఉంటే, షుగర్ ఉన్న మనిషికి మందు మాన్పించి మిఠాయి తినిపిస్తున్నది నేనే. తిమ్మప్పకు ఆ పూటే చెప్పాం, తీపి ఆపమని, డాక్టరు దగ్గరికి పొమ్మని, రేపు పరగడుపున ఉంటే నేనే వచ్చి మళ్ళీ రక్తం తీస్తానని. పొట్లం వైపు చూస్తూ, "ఇంకా సగముంది" అన్నాడు.

పళ్ళ రంగు పరీక్ష

మర్నాడు తెల్లవారుజామున మొదటి బస్సుకు అలంపూర్ పోయాను. రిజిస్టరు చూస్తే తిమ్మప్ప రక్తం ఎర్రమూత ట్యూబులో వచ్చింది, అంటే ఫ్లోరైడ్ లేనిదాంట్లో. అది నేను తీసుకునేటప్పుడే వెనక్కి పంపాల్సింది. పంపలేదు. మొదటి తప్పు నాదే.

"బూడిద మూతలు అయిపోయినయా అన్నా?" అని మద్దిలేటిని అడిగాను.

"ఏడ అయిపోతయి? గవో, సగం పెట్టె ఉంది."

"మరి తిమ్మప్పకు ఎర్రమూత ఎందుకు వాడినవు?"

మద్దిలేటి నన్ను జాలిగా చూశాడు. "సదువుకున్నోనివి, గింత తెల్వదా? బూడిద మూతల ఏముంటది?"

"ఫ్లోరైడ్."

"తిమ్మప్ప ఊర్ల బోరు నీళ్ళల్ల ఏముంటది?"

నాకు అప్పటికే ఏదో అర్థమవుతోంది.

"పుట్టినకాంచి ఆ నీళ్ళే తాగినోని నెత్తుట్ల ఉంటలేదా ఫ్లోరైడు? మల్ల మనమెందుకు పొయ్యాలె? నేను పళ్ళు సూస్త. పచ్చగ, గార పట్టి ఉంటే ఎర్రమూత. తెల్లగుంటే బూడిద మూత. ఏడాది సంది గిట్లనే. ఒక్క ట్యూబు ఆగం చేయలే నేను."

అంత నిజాయితీగా చెబుతుంటే తిట్టడానికి నోరు రాలేదు. ఆలోచన దారి సరైనదే, కొలత తప్పు. ఊరి నీళ్ళు తాగిన మనిషి రక్తంలో ఉండే ఫ్లోరైడ్ కంటే ఆ ట్యూబులో వేసేది వేల రెట్లు ఎక్కువ. పళ్ళను పాడుచేసే మోతాదు ఎనొలేజ్‌ను తట్టను కూడా తట్టదు. ఇది చెప్తే, "గట్లయితే ఆ నీళ్ళు మంచియేనా?" అన్నాడు. అందుకు ఇంకో అరగంట పట్టింది.

చెప్తే నమ్మేలా లేడని చేసి చూపిద్దామనుకున్నాను. ఆయన రక్తమే తీశాను, ఒక ఎర్రమూత, ఒక బూడిద మూత. వేలు పొడిచి అక్కడికక్కడ చిన్న మిషన్‌తో చూస్తే నూట నాలుగు. తర్వాత ఇద్దరం తిమ్మప్ప ఊరికి పోయాం.

తిమ్మప్ప మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాడు. అతని భార్య జమ్ములమ్మ అరుగు మీద కండెలకు దారం చుడుతోంది. నన్ను చూడగానే మొదలుపెట్టింది.

"నువ్వేనా అరవై ఒకటి రాసినోనివి? నీ రాత నమ్మి శక్కెర డబ్బా మూత తీసిన. ఈయనను ఇప్పుడెవరు ఆపాలె?"

"తప్పయింది అక్కా. మల్ల చూస్తం."

"చూడు, సక్కగ చూడు. షుగరు ఒక్కటే కాదు, మనిషే గిట్లయిండు. నెల సంది వంకరగ కూసోని నేస్తుండు. బట్ట చుట్టే కర్ర ఎడమపక్క కడుపుకు తగులుతుందంట. రొట్టె సగం తినంగనే కడుపు నిండిందంటడు. మనిషేమో సన్నగయ్యె, కడుపేమో ముందుకొచ్చె."

"జిలేబీల కడుపు" అన్నాడు తిమ్మప్ప.

నేను నవ్వాను. ఆమె చెప్పింది నా చీటీలో రాసుకోలేదు. షుగర్ కోసం వచ్చాను కదా.

వేలి రక్తంలో పరగడుపు షుగర్ రెండు వందల అరవై ఎనిమిది. చెయ్యి నరంలోంచి బూడిద మూత ట్యూబులోకి నేనే తీశాను, పదిసార్లు తిప్పాను, నా డబ్బాలో మద్దిలేటి ట్యూబుల పక్కనే ఉంచి, డబ్బాను ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. దారి పొడుగునా మద్దిలేటి పళ్ళ పరీక్షను ల్యాబులో ఎలా చెప్పాలా అని మనసులో కథ కట్టుకుంటూ వచ్చాను.

నూట అయిదు

ల్యాబులో అంకెలు ఇలా వచ్చాయి. మద్దిలేటి: వేలు నూట నాలుగు, బూడిద మూత తొంభై తొమ్మిది, ఎర్రమూత ఎనభై రెండు. తిమ్మప్ప: వేలు రెండు వందల అరవై ఎనిమిది, బూడిద మూత నూట అరవై మూడు.

నాకు భలే సంతోషమైంది. అరవై ఒకటి కాస్తా నూట అరవై మూడు అయింది. షుగర్ ఉందని తేలింది, తప్పు దొరికింది, తప్పు చేసినవాడు దొరికాడు, కథ కూడా దొరికింది. రిపోర్టు రాసి, పళ్ళ కథ చెప్పి, రజాక్ సార్ నవ్వుతారేమో అని చూశాను. నవ్వారు. చాయ్ ఒలికేంతగా నవ్వారు. తర్వాత కాగితం అందుకున్నారు.

"రెండు వందల అరవై ఎనిమిదిల నూట అరవై మూడు పోతే ఎంత?"

"నూట అయిదు సార్."

"ఏడవాయె?"

"బస్సుల ఎండ సార్. నాలుగు గంటలు."

"మద్దిలేటి ట్యూబు బస్సుల రాలేదా? నడుసుకుంట వచ్చిందా?"

అదే బస్సు, అదే ఎండ, అదే డబ్బా. మద్దిలేటి బూడిద ట్యూబులో ఐదు తగ్గింది. తిమ్మప్ప బూడిద ట్యూబులో నూట అయిదు తగ్గింది. ఆ అంకెలు రాసింది నేను, వరుసగా, ఒకదాని కింద ఒకటి, గీతలు కొట్టి. చదివింది ఆయన.

"మిషిన్ సరింగ చూపియ్యలేదేమో సార్" అన్నాను. అనగానే నాలుక కరుచుకున్నాను.

ఆయన లేచి, నేను పరీక్ష చేసి పక్కన పెట్టిన తిమ్మప్ప ట్యూబును తెచ్చి కిటికీ వెలుతురులో పట్టుకున్నారు. రక్తం ట్యూబును గిర్రున తిప్పి ఉంచితే ఎర్రకణాలు అడుగుకు పోతాయి, పైన పసుపుపచ్చ నీరు తేలుతుంది. మధ్యలో తెల్లకణాలు సన్న దారంలా కనిపిస్తాయి. తిమ్మప్ప ట్యూబులో అది దారం కాదు. చిటికెన వేలంత మందం, పాల మీద మీగడ కట్టినట్టు. నేను ఆ ట్యూబులోంచే పైనున్న నీరు పిప్పెట్‌తో పీల్చాను. పైదాన్ని తప్ప కిందిదాన్ని చూడలేదు.

"నీ శక్కెర దొంగ ఈడున్నడు" అన్నారు రజాక్ సార్.

స్లైడు మీద చుక్క పూసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టాం. మామూలుగా ఎర్రకణాల మధ్య తెల్లకణాలను వెతుక్కోవాలి. ఇక్కడ సంత రోజు బస్టాండులా తెల్లకణాలు భుజాలు రాసుకుంటూ నిలబడి ఉన్నాయి, పెద్దవి, పిల్లవి, ఇంకా ఎదగనివి. లెక్క పెడితే ఘన మిల్లీమీటరుకు మూడు లక్షలు దాటాయి. పదకొండు వేలు దాటితేనే ఎక్కువ అంటాం.

అన్నీ కలిసి చక్కెర తింటున్నాయి. బూడిద మూత తొమ్మిదోవాణ్ణి కట్టేసింది నిజమే. కానీ వరుస నిలిచేలోపు ఆ గంట, రెండు గంటలు ఉన్నాయి కదా, నేను పరీక్షలో రాయని ముక్క. మద్దిలేటి కణాలు ఆ వ్యవధిలో ఐదు తిన్నాయి. తిమ్మప్ప కణాలు నూట అయిదు తిన్నాయి. ఎర్రమూతలో అయితే అడ్డే లేదు, రెండు వందలు తిని అరవై ఒకటి మిగిల్చాయి.

రక్త క్యాన్సర్. నెమ్మదిగా వచ్చే రకం. ఎడమపక్క కడుపులో కర్రకు తగులుతున్నది ఉబ్బిన ప్లీహం. జమ్ములమ్మ అరుగు మీద కూర్చుని రోగం పూర్తిగా చెప్పింది, నేను నవ్వి వచ్చాను.

కొత్తగా చేరేవాళ్ళకు నా మాట ఇది. ఒక కారణం దొరకగానే వెతకడం ఆపబుద్ధవుతుంది. ఆ కారణం నవ్వు పుట్టించేదైతే మరీను. మద్దిలేటి పళ్ళ పరీక్ష నిజమైన తప్పే. దాని వెనక ఇంకొకటి ఉండగలదని నేను అనుకోలేదు.

చెప్పడం

రోగం పేరు చెప్పడం మన పని కాదు, డాక్టరు పని. అలంపూర్ డాక్టరు గారికి రజాక్ సార్ ఫోను చేశారు, కాగితాలు తీసుకుని నేను పోయాను. ఆయన హైదరాబాద్ పెద్ద దవాఖానకు చీటీ రాసిచ్చి, ఇప్పుడు దొరికింది కాబట్టి మందు ఉందని, ఆలస్యమయ్యుంటే మాట వేరని తిమ్మప్పకు నెమ్మదిగా చెప్పారు.

బయటికి వచ్చాక తిమ్మప్ప నన్ను పక్కకు పిలిచాడు.

"షుగరు తక్కువంటివి. మల్ల ఎక్కువంటివి. ఇప్పుడు క్యాన్సరంటిరి. ఇంకోసారి సూస్తే ఏమంటవు సారూ?"

"నా చేతిరాత మీద నమ్మకం పోయిందా అన్నా?"

"నీ మీద లేదు. ఆ ముసలాయన మీదుంది. ఆయన చెప్పిండా?"

"ఆయనే చెప్పిండు."

"అయితే పోత."

జమ్ములమ్మ చీటీని కొంగున కట్టుకుని నన్ను దాటి నడిచింది. నన్ను తిడితే బాగుండుననిపించింది.

రెండు నెలలు మగ్గం ఖాళీగా ఉంది. మద్దిలేటి వారానికోసారి ఫోను చేసి సంగతులు చెప్పేవాడు. అక్కడ నిర్ధారణ అయిందన్నాడు, రోజూ మింగే మందు ఇచ్చారన్నాడు, దవాఖాన వరండాలో జమ్ములమ్మ రొట్టెలు చేసి ఇంకో నలుగురికి పెడుతోందన్నాడు. తర్వాత ఒకరోజు, "కర్ర తగులుతలేదంట" అన్నాడు. అంటే తిమ్మప్ప మళ్ళీ మగ్గం ముందు కూర్చున్నాడు, వాపు తగ్గింది.

రెండు అంకెలు

ఈలోగా మా ల్యాబులో రెండు మార్పులు వచ్చాయి. బయటి నుంచి వచ్చే ప్రతి షుగర్ ట్యూబు చీటీ మీద వేలి రక్తం అంకె కూడా రాయాలి. రెంటికీ మరీ తేడా ఉంటే స్లైడు పూయాలి. ఎర్రమూతలో షుగర్ వస్తే వెనక్కే. మద్దిలేటి ఇప్పుడు ఎవరి పళ్ళూ చూడడు, అలవాటు కొద్దీ నోరు తెరవమంటాడట.

మందు మొదలైన ఏడో నెలలో తిమ్మప్ప తన ట్యూబు వచ్చిన బస్సులోనే తనూ దిగాడు. జమ్ములమ్మ వెంట ఉంది. మనిషి కొంచెం నిండాడు, నిటారుగా నడుస్తున్నాడు. బల్ల మీద కూర్చుని, చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని నా వైపే చూస్తున్నాడు. చీటీ మీద మద్దిలేటి రాసిన వేలి రక్తం అంకె రెండు వందల పధ్నాలుగు.

ముందు ట్యూబును కిటికీకి పట్టి చూశాను. మధ్యలో దారం, సన్నగా. తెల్లకణాల లెక్క ఎనిమిది వేలు. తర్వాత షుగర్ పెట్టాను. రెండు వందల మూడు వచ్చింది.

రజాక్ సార్‌కు కాగితం ఇచ్చాను. ఆయన రెండు అంకెలూ చదివారు. నేనూ చదివాను, ఈసారి ఆయన కంటే ముందే. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వాం.

"ఏమాయె?" అంది జమ్ములమ్మ.

"షుగర్ మస్తు ఉందక్కా. రెండు వందలు దాటింది. గోలీలు పెంచాలె, తీపి ముట్టొద్దు."

"మరెందుకు నవ్వుతున్నరు?"

నేను చెప్పబోయాను. ఈలోపే రజాక్ సార్ చెప్పారు. "వేలుల ఎంతుందో ట్యూబుల గూడ దగ్గర దగ్గర గంతే ఉందమ్మా. నడుమ తినేటోడు లేడు."

తిమ్మప్ప మోకాళ్ళ మధ్య నుంచి చేతులు తీశాడు.

"అంటే ఉట్టి షుగరేనా?"

"ఉట్టి షుగరే."

"ఇంకేం లేదా? అందరికుండేటిదేనా?"

"అందరికుండేటిదే."

బల్ల మీది నుంచి లేవకుండా మళ్ళీ అడిగాడు, ఉట్టి షుగరేనా అని. జమ్ములమ్మ అతని భుజం మీద చెయ్యి వేసి, వాళ్ళు చెప్తుండ్రు గదా అంది. అయినా ఇంకోసారి అడిగాడు. అడిగిన ప్రతిసారీ అవునన్నాం.